గేటుకు హెల్మెట్ లేని ఆదివారం

మా వీధిలో ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. ఆ రోజు అన్నయ్య గేటుకు హెల్మెట్ తగిలించడం మరిచిపోయాడని, తన మరుపుకు హాలువాళ్లను తిట్టాడని. అది అబద్ధం.

సెక్టర్ 7లో మా తెలుగువాళ్ల హాలు వెనక ఖాళీ జాగా ఉంది. దానికి ఆనుకునే ఆయన క్వార్టర్. రక్తసంబంధం లేదు గానీ నాకు అన్నయ్యే. ప్లాంటులో కరిగిన ఉక్కును మోసే క్రేన్ నడుపుతాడు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లు గేటుకు హెల్మెట్ తగిలించి పడుకోవడం మా దగ్గర పద్ధతి. అది కనిపిస్తే కూరగాయల బండివాడు కూడా కేక వేయడు.

హాలును ఫంక్షన్లకు అద్దెకివ్వడం మొదలుపెట్టాక, సెక్రటరీని కనుక నన్నే ఆయనతో మాట్లాడమన్నారు. పంపింది మా ప్రెసిడెంటు. మా అమ్మ పుట్టిన ఊరివాడు, నేను బాబాయ్ అని పిలిచే మనిషి.

"పాటలంటే నాకు కోపం కాదు తమ్ముడూ," అన్నాడు అన్నయ్య టీ గ్లాసు అందిస్తూ. "నిద్దర లేకుండా నేను క్రేన్ ఎక్కితే, కింద మనుషులుంతారు."

హెల్మెట్ ఉన్న రోజున సాయంత్రం నాలుగు దాకా మైకు, డప్పు ఉండవని, ఆయన కిటికీ పక్కనున్న జాగాలో వంట పొయ్యిలు పెట్టబోమని మాటిచ్చాను. బదులుగా తన గేటు ముందు కార్లు పెట్టుకోనిస్తానన్నాడు.

లోపల్నుంచి వదిన అంది: "మీ హాలోళ్లకి పాట మొదలెట్టడమే గానీ ఆపడం వస్తాదేటి?"

"పూచీ నాది వదినా."

చాలాకాలం బాగానే నడిచింది. పెళ్లివాళ్లు ఎంత గొడవ చేసినా నేను గేటు వైపు చెయ్యి చూపించేవాణ్ణి.

ఆ ఆదివారం ఒక నిశ్చితార్థం. మగపెళ్లివాళ్లు డీజే తెచ్చారు, మధ్యాహ్నమే కావాలన్నారు. నేను బయటికొచ్చి చూశాను. గేటుకు హెల్మెట్ లేదు.

"ఏటి బాబాయ్, ఆయనకి ఈ వారం నైట్ కాదేటి?"

"షిఫ్టు మారుంతాదిరా. గేటు ఖాళీగా ఉంది కదా, కళ్లు కనబడ్డం లేదేటి నీకు?"

డీజేవాడికి చెయ్యి ఊపింది నేనే. వెనక జాగాలో పొయ్యిలు వెలిగించుకోమన్నదీ నేనే.

మొదటి పాట సగంలో ఉండగా అన్నయ్య లుంగీతో, ఎర్రబడ్డ కళ్లతో బయటికొచ్చాడు. గేటు చూసుకున్నాడు.

"హెల్మెట్ ఎవుడు తీసేడు?"

"నువ్వు పెట్టలేదు కదన్నయ్యా," అన్నాను, నిజమే చెబుతున్నానన్న ధీమాతో.

ఆయన లోపలికి పోయాడు. నేను పాట ఆపిస్తే బాబాయ్ మళ్లీ పెట్టించాడు. నిద్ర లేదు, క్రేన్ ఎక్కనని అన్నయ్య ఆ రోజు డ్యూటీకి సెలవు పెట్టాడు.

సాయంత్రం గిన్నెలు సర్దుతుంటే, స్టోర్ గదిలో ఖాళీ సిలిండర్ల వెనక ఆయన హెల్మెట్ కనిపించింది. తీసుకెళ్లి బాబాయ్ ముందు పెట్టాను.

"నేనే తీసేను. ఒక్క పూటకి ఏటయిపోతాది?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ మొహమే చెప్పేస్తాది. హెల్మెట్ లేదని నువ్వు నమ్మితేనే కదరా, నీ మాట ఆడు నమ్ముతాడు," అని నవ్వాడు.

నన్ను అంత బాగా ఎరిగిన మనిషి ఆ ఎరుకను అలా వాడుకున్నాడు. నా నిజాయితీ ఆయనకు డీజే పెట్టెలాంటి సామానే అయింది.

హెల్మెట్ అన్నయ్యకు ఇచ్చాను. స్టోర్‌లో దొరికిందన్నాను. ఎవరు దాచారో చెప్పడానికి నోరు రాలేదు. హాలు పరువు పోతుందనుకున్నాను. "సరేనండి, సెక్రటరీ గారూ," అన్నాడాయన. తమ్ముడూ అన్న పిలుపు మళ్లీ వినలేదు. తర్వాతి మీటింగులో బాబాయ్ ఆ మరుపు కథ చెప్పినప్పుడూ తల వంచుకుని కూర్చున్నాను.

అప్పటినుంచి అన్నయ్య నైట్ దిగి బండి మీద ఊరవతల ఉతై అనే ఊరికి పోయి, మరదలి ఇంట్లో పడుకుంటున్నాడు. రాత్రంతా మేలుకున్న మనిషి లారీల మధ్య అంత దూరం పోతున్నాడని తెలిసి ఉండబట్టలేక నేనూ అక్కడికి వెళ్లాను. అక్కడే ఉన్న వదిన గుమ్మంలోనే ఆపింది. ఆయన నిద్రలో ఉన్నాడు. గొంతు తగ్గించి ఆమెకు అంతా చెప్పాను.

"మీ హాల్లో మైకుంది కదా, అందులో చెప్పు," అంది. "నా చెవిలో చెప్తే ఏటి లాభం?"

తర్వాతి సమావేశంలో మైకు ముందు నిలబడ్డాను. రెండు మాటలు అన్నానో లేదో బాబాయ్ కనుసైగతో మైకు ఆగిపోయింది. మిగతాది ఉత్త గొంతుతోనే చెప్పాను. ముందు వరస విని, విననట్టు కూర్చుంది. వెనక వరసలవాళ్లు సరిగా వినబడక భోజనాల సంగతి అనుకున్నారట, లేచి వెళ్లారు.

అన్నయ్య ఇంకా ఉతై పోతూనే ఉన్నాడు.