పేరు ముందు ఊపిరి

సారపాకలో నేను కిరాయికి దిగిన గది ఒక పెద్దాయన ఇంటి వెనక భాగంలో ఉండేది. అప్పటికి నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, పేపర్ మిల్లులో మీటర్లు, గేజీలు సరిచేసే సెక్షన్‌లో కాంట్రాక్టు మీద కొత్తగా చేరాను. గది చూపిస్తూ ఆయన షరతులు చెప్పాడు. "నీళ్ళు పొద్దుగాల ఒక గంటనే వస్తయ్. కరెంటు మీటరు వేరే ఉంది. ఎనక తలుపు గట్టిగ దగ్గరికెయ్యాలె, లేకుంటే కోతులొస్తయ్."

తలుపు సంగతి నాకు వినపడలేదు. ఆ గొంతు దగ్గరే ఆగిపోయాను. కల్లూరులో మా ఇంట్లో మిరపకాయల తొడిమలు తీసే మధ్యాహ్నాలన్నీ ఆ గొంతు వింటూనే గడిచాయి.

"రేడియోల మీరేనా సార్?" అన్నాను.

"అవ్. రిటైరయిన," అన్నాడాయన. "కిరాయి మాత్రం తగ్గియ్య."

శ్రోతలు కోరిన పాటలు వేయడం చాలా ఏళ్ళు ఆయన పని. పాటకు ముందు, కార్డు రాసినవాళ్ళ పేరూ ఊరూ చదివేవాడు. పినపాక అవతల అడవిలోని గూడేల పేర్లు పలకాలంటే మా లెక్కల మాస్టారుకే నోరు తిరిగేది కాదు. ఆయన మాత్రం అక్కడే పుట్టినవాడిలా పలికేవాడు. జనం పాట కోసం ఎంత ఎదురుచూసేవారో ఆ పేర్ల కోసమూ అంతే ఎదురుచూసేవారు. ముఖం ఎవరికీ తెలియదు. సంతలో బేరానికి నోరు తెరిస్తే మాత్రం టమాటాలు తూచే ఆమె తల ఎత్తి చూసేది. హైదరాబాదులో కొత్త ఎఫ్ఎం స్టేషన్లు వచ్చాయని, ఈ పని చేసేవాళ్ళను అక్కడ జాకీలంటున్నారని చెబితే నవ్వాడు. "లారీ టైరు మార్చేటప్పుడు కింద పెడతరు, అదా?"

మా వైపు ఎవరైనా చనిపోతే ఆటోకు మైకు కట్టి ఊళ్ళు తిప్పుతారు. పోయింది ఎవరు, ఏ ఊరివాళ్ళు, అంత్యక్రియలు ఎప్పుడు, ఎక్కడ అన్నది క్యాసెట్‌లో రికార్డు చేసి మళ్ళీ మళ్ళీ వినిపిస్తారు. సారపాకలో ఆ పని చేసేవాడిని అందరూ మైక్ సెట్ అన్న అనేవారు. చీరల సేల్ అయినా చావు కబురు అయినా ఒకటే గొంతుతో, ఒకటే వేగంతో చదివేవాడు. అది తనకూ తెలుసు. "నాకు గిదొక్కటే రాగం వచ్చు తమ్మీ, ఏం జెయ్యాలె," అనేవాడు.

నేను చేరిన ఏడాది ఎండాకాలంలో ఒకతను సైకిల్ మీద వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. పినపాక దగ్గరి గూడెం మనిషి. తల్లి పోయిందని చెప్పాడు. "మా అమ్మ మీకు కార్డులు రాపిచ్చేది సార్. పేరు మీరే చదివేటోళ్ళు. ఈసారి గూడ మీరే చదవాలె."

సార్ వెంటనే సరేననలేదు. అతన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, "మీ అమ్మ ఏం పని చేసేది?" అని అడిగాడు.

"ఏం పని సార్, అన్ని పనులు. తునికాకు ఏరేది. పత్తి తీసేది."

"తునికాకు ఎట్ల కట్టేది? జల్దీ కట్టేదా?"

అతను ముఖం తుడుచుకుని, తల్లి ఆ బీడీ ఆకుల కట్ట కట్టే తీరు చేతులతో చూపించాడు. సార్ ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నా గదిలోకి వచ్చాడు. నా దగ్గర విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటర్, ఒక మైకు ఉన్నాయి. "ఎండాకాలమంతా తునికాకు కట్టలు కట్టి పిల్లల్ని పెంచిన..." అని చదివి, ఊపిరి తీసుకుని, ఆమె పేరు పలికాడు.

ఆ తర్వాత ఎవరు వచ్చినా కాదనలేదు. చర్చికి పోయేవాళ్ళు, గుడికి పోయేవాళ్ళు, మిల్లు కార్మికులు, అందరికీ చదివాడు. ఇంటిపేరు, బిరుదులు ఉండేవి కావు. మనిషిని నలుగురూ పిలిచే పేరు, అంతకు ముందు చేసిన పని. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల చావు కబురు చెప్పే ఆటోలు పేరుకు ముందు పని చెబుతాయి. ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవాళ్ళకు తెలియకపోవచ్చు.

రికార్డింగులను నేను ముక్కలు చేసి కంప్యూటర్‌లో వేర్వేరు ఫోల్డర్లలో పెట్టుకునేవాడిని. ఊళ్ళు ఒకదాంట్లో, వేళలు ఒకదాంట్లో, పేర్లు ఒకదాంట్లో, చివరి వాక్యాలు ఇంకోదాంట్లో. ఆయనకు ఆయాసం మొదలైన రోజుల్లో ఒక సలహా ఇచ్చాను.

"మాటలన్నీ ఎట్లాగూ అవే కదా సార్. మీరు పేరొక్కటి చెప్పండి. మిగతాది నేను అతికిస్త."

"పేరొక్కటా? రేషన్ షాపుల పిలిచినట్టా?" అన్నాడు.

ఇంకోసారి, తాను చదివింది హెడ్‌ఫోన్స్‌లో వింటూ చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. "పేరు ముందర ఊపిరి తీసుకున్న గద, అదేది?"

"తీసేసిన సార్. ఉత్త సౌండే గదా."

"పెట్టు మళ్ళ. ఒకరింట్లకు పొయ్యేటప్పుడు గడప కాడ జెరంత ఆగమా? గట్ల."

తిరిగి పెట్టాను. అప్పటి నుంచి ఊపిరి జోలికి పోలేదు కానీ, ఆ మాటను ముసలాయన పట్టింపుగానే తీసుకున్నాను.

అమ్మ, అంటే సార్ భార్య, ఆయన పేరు పలికేది కాదు. నాతో "మీ సార్" అనేది, చర్చిలో వాళ్ళతో "మా ఇంట్ల ఆయన" అనేది. పాస్టరమ్మ ఎన్నోసార్లు ఆటపట్టించింది. "బైబిల్‌ల పేర్లన్నీ చదువుతవు, ఆ ఒక్క పేరు రాదా?" అమ్మ నవ్వి ఊరుకునేది. ఆయాసం ఎక్కువై సార్‌ను భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయిన రోజు చీటీ రాసే అతను పేషెంట్ పేరు అడిగితే అమ్మ నా వైపు తిరిగింది. నేనే చెప్పాను.

మర్నాడు ఉదయం ఆయన అక్కడే పోయాడు. గోదావరి వంతెన దాటించి ఇంటికి తీసుకొచ్చాం. బంధువులు ఖమ్మం నుంచి బయల్దేరారు. సాయంత్రమే సమాధి కార్యక్రమం. అప్పటికి అడవి ఊళ్ళ వాళ్ళు రావాలంటే ఆటో మధ్యాహ్నానికల్లా కదలాలి. మైక్ సెట్ అన్న నా గది గుమ్మంలో కూర్చున్నాడు.

"నేను చదవ తమ్మీ. సార్ సావు గూడ సేల్ చెప్పినట్టు చెప్పాల్నా? ఆయన గొంతుతోనే పెట్టు. అన్ని మాటలు నీ దగ్గరున్నయ్ గద."

అది నాకూ సరైనదే అనిపించింది. ఎన్నో ఊళ్ళకు ఆ గొంతే తెలుసు, మనిషి తెలియదు. ఫోల్డర్లు తెరిచాను. సారపాక అన్న మాట దొరికింది. సాయంత్రం దొరికింది. "మనల్ని విడిచి వెళ్ళారు" అన్నది ఎన్నో రకాలుగా దొరికింది. దొరకనిది ఆయన పేరు. రేడియోలోనూ ఆయన ఏనాడూ తన పేరు చెప్పుకోలేదు. చివరికి ఒక పాత రికార్డింగు గుర్తొచ్చింది. మిల్లు యార్డులో లారీల నుంచి వెదురు దించే ఒకతనిది అదే పేరు. ఆ పేరు కత్తిరించి తెచ్చి, ఊపిరితో సహా అతికించాను. ఎక్కడ అతుకు ఉందో నాకే తెలియనంత బాగా కుదిరింది.

అమ్మకు వినిపించడానికి స్పీకరు ముందు గదిలోకి తెచ్చాను. ఆమె సార్ తల దగ్గర కూర్చుని మొత్తం వింది.

"ఇది మీ సార్ పేరు కాదు బిడ్డా," అంది.

"అదే పేరమ్మా."

"వెదురు దించేటాయనది. ఆయన కోడలు ఇగో ఈడనే కూసుంది. చేతులకు గీరుకపోయిన గీతలు ఎట్లుండేటివో చెప్పింది. మీ సార్ అవన్నీ విని, ఆయన్ని తలుసుకుని అన్నడు ఆ పేరు. అది ఆయనకే ఉండనియ్యి."

మైక్ సెట్ అన్న తలుపు దగ్గర నుంచి, "మరెట్లమ్మా? టైం అయితుంది," అన్నాడు.

అమ్మ కొంగు సర్దుకుని లేచింది. "ఆ మైకు ఏడ పెడతవు?" అని నన్ను అడిగింది.

నా గదిలో, ఎప్పుడూ సార్ కూర్చునే కుర్చీలో కూర్చుంది. కాగితం మీద రాసిస్తానంటే వద్దంది. ఊరు చెప్పింది, వేళ చెప్పింది. గొంతు సన్నగా ఉంది, కానీ వణకలేదు. "రేడియోల పాటలేసి, అడిగినోళ్ళందరి పేర్లు పలికిన..." అని ఆగింది. ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు. కంప్యూటర్ తెర మీద గీత ఎగుడుదిగుడు లేకుండా సాగిపోతోంది. వద్దులే అమ్మా అనబోయాను. అప్పుడు ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడు హెడ్‌ఫోన్స్‌లో వినిపించింది. ఆ పేరు ఆమె నోట వినడం నాకదే మొదలు. చివర "గారు" అని కూడా చేర్చింది.

క్యాసెట్‌లోకి ఎక్కించేటప్పుడు ఆ నిశ్శబ్దాన్ని తగ్గించాలని చెయ్యి అలవాటుగా మౌస్ మీదికి పోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఉన్నది ఉన్నట్టే ఎక్కించాను.

ఆటోలో నేనూ ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాను. మిల్లు గేటు దగ్గర షిఫ్టు మారుతోంది. టీ బండి చుట్టూ మనుషులు. ఆటో మీది మైకు హారన్‌లోంచి ఎవరికీ తెలియని ఆడగొంతు వినపడేసరికి కొందరు ఇటు తిరిగారు. "పేర్లు పలికిన" అనే మాట దగ్గర గొంతు ఆగిపోయింది. మైక్ సెట్ అన్న ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో టేపు మీద తట్టాడు.

"ఆగింది తమ్మీ."

"ఆగలే అన్నా. ఉంది."

ఆటోను పక్కకు తీసి ఇంజను బంద్ చేశాడు. టీ బండి దగ్గరి వాళ్ళు గ్లాసులు పట్టుకుని మా వైపే చూస్తున్నారు. హారన్‌లో ఊపిరి చప్పుడు వచ్చింది. తర్వాత పేరు.