రేవు దిగనివ్వని అబ్జెక్షన్ మేడమ్

మా మేనత్తకి అభ్యంతరం లేని విషయం ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. వాతావరణం బాగుంటే, "ఇంత బాగుందంటే రేపేదో కొంప ముంచుతుంది" అంటుంది. ఎవరికైనా బిడ్డ పుట్టిందని తెలిస్తే బరువెంతో అడిగి మరీ ఆ బరువు మీద అభ్యంతరం చెబుతుంది. ఆవిడకో మందుల షాపుంది. డాక్టరు రాసిన చీటీ చేతిలో పెడితే ముందు దస్తూరీ మీద, తరవాత జబ్బు మీద, చివరికి "ఈ వయసులో మీకీ దగ్గేమిటి?" అని రోగి మీద అభ్యంతరం చెప్పి, అప్పుడు మందిస్తుంది. అయినా జనం ఆ షాపుకే వెళతారు. తిట్లు తిన్నాక మందు తొందరగా పనిచేస్తుందని వాళ్ళ నమ్మకం.

అలాంటి మనిషి మా సరస్సు పక్క పడవల క్లబ్బులో చేరింది. చేరిన వారానికే ‘అబ్జెక్షన్ మేడమ్’ అన్న పేరు స్థిరపడిపోయింది.

క్లబ్బంటే ఏదో ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, ఒక చెక్క రేవు, చిన్న చిన్న తెరచాప పడవలు, మూత ఎప్పుడూ కనిపించని టీ ఫ్లాస్కు. అంతే. వేసవిలో ప్రతి ఆదివారం సాయంత్రం రేసు. నీళ్ళ మీద తేలే నారింజ రంగు పీపాలను చుట్టి వచ్చి, రేవు ఎదుటి గీత దాటాలి. పడవ గీత దాటగానే అంపైరు బూర ఊదుతాడు. అంపైరు మా పళ్ళ డాక్టరు. అత్త చుక్కాని పట్టేది. నేను ముందు కూర్చుని తెరచాప తాళ్ళు లాగేవాణ్ణి.

"గాలి ఎటు నుంచిరా?" అని అరిచేది.

"కుడి నుంచి అత్తా."

"అది నాకూ తెలుసు. ఎందుకూ అని అడుగుతున్నా!"

క్లబ్బులో ఒక నిబంధన ఉంది. ఎవరైనా అభ్యంతరం లేవనెత్తితే అది తేలేదాకా అంపైరు రేవు దిగకూడదు. ఈ నిబంధన రాసినవాళ్ళు మా అత్తని చూసి ఉండరు. చూసి ఉంటే కలం అక్కడే పడేసి పారిపోయేవాళ్ళు.

ఒక ఆదివారం బేకరీ ఆయన మాకంటే ముందు గీత దాటాడు. అత్త పడవ కట్టీ కట్టకుండానే రేవెక్కింది.

"డాక్టరు గారూ, అబ్జెక్షన్! ఈయన ఈల వేశాడు."

"వేస్తే ఏమైందండీ?"

"ఈల వేసి గాలిని అటు పిలుచుకున్నాడు."

"నాకు పాటలంటే ఇష్టమండీ!" అని బేకరీ ఆయన మొత్తుకున్నాడు.

"వినండి, నేరం ఒప్పుకుంటున్నాడు."

మరో ఆదివారం ఒక బాతు మీద అభ్యంతరం. అది కావాలనే మా పడవకి అడ్డంగా ఈదిందట.

"బాతుని ఏం చెయ్యమంటారు మేడమ్?" అన్నాడు డాక్టరు నీరసంగా.

"విచారించండి."

ఊళ్ళో అందరి నోళ్ళూ తెరిపించే డాక్టరు, ఈవిడ నోరు మాత్రం మూయించలేకపోయాడు. షెడ్డులో టీ చల్లారిపోయేది. బేకరీ ఆయన తెచ్చిన బిస్కెట్లు మెత్తబడిపోయేవి. జనం రేవు మీద గుంపుగా నిలబడి కాళ్ళు మార్చుకునేవాళ్ళు. అలా వాదన మాంచి పాకాన పడ్డాక అత్త హఠాత్తుగా, "సరేలెండి, వదిలేద్దాం. పదండి, టీ తాగుదాం" అనేది. అంత గొడవా చేసి, చటుక్కున ఎందుకు వదిలేసేదో ఎవరికీ అంతుపట్టేది కాదు. డాక్టరుకి అభ్యంతరం కంటే ఆ వదిలేయడమే ఎక్కువ మంట.

మా క్లబ్బులో ఎప్పుడూ చివర వచ్చే పడవ ఒకటుంది. రిటైరైన బస్సు డ్రైవరు గారిది. ఆ మధ్య జబ్బు చేసి ఆయన కుడిచెయ్యి పట్టు తప్పింది. చేతికి కాస్త పనుంటే మంచిదన్నారని పడవ కొన్నాడు. భార్య ముందు సీట్లో, సంచి ఒళ్ళో పెట్టుకుని, అచ్చం ప్రయాణికురాలిలా కూర్చునేది. ఆయన పడవని బస్సులాగే నడిపేవాడు. పీపా కనబడితే చాలు, స్టాపు వచ్చినట్టు వేగం తగ్గించేవాడు. మలుపులో చెయ్యి బయటికి చాపేవాడు.

ఆఖరి ఆదివారం వచ్చింది. కప్పు మాకా, బేకరీ ఆయనకా అన్నది ఆ ఒక్క రేసుతో తేలాలి. అత్త ఆ రోజు గాలిని కూడా తిట్టకుండా నడిపింది. పడవ ముక్కంత తేడాతో గెలిచాం! నేను ఎగిరి గంతేస్తే పడవ తిరగబడబోయింది. ఇక ఈవిడకి అభ్యంతరం చెప్పడానికి ఎవరూ మిగల్లేదని డాక్టరు ముఖం వెలిగిపోయింది. ఆయన బూర సంచిలో పెట్టేసి రేవు దిగబోయాడు.

"డాక్టరు గారూ, అబ్జెక్షన్!"

"గెలిచింది మీరే కదండీ! ఇంకెవరి మీద?"

"నా మీదే. నా పడవ పీపాకి తగిలింది."

"నేను చూళ్ళేదు."

"అది నా రెండో అబ్జెక్షన్. మీరెందుకు చూళ్ళేదు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అత్త చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. "నీకేమైనా మతిపోయిందా అత్తా? కప్పు చేతిలోకొచ్చాక ఈ గోలేమిటి?"

అత్త గొంతు తగ్గించింది. "గట్టిగా అరవకురా. వాళ్ళింకా రాలేదు."

సరస్సు మధ్యలో డ్రైవరు గారి పడవ. గాలి పడిపోయింది. పడవ పాకుతోంది.

"మొదటి వారం మీరంతా టీకి పోయారు. వాళ్ళొచ్చి గీత దాటితే రేవు మీద కాకి కూడా లేదు. ఆయన బూర కోసం కాసేపు చూసి, ‘పడవ అమ్మేద్దామా’ అన్నాడు భార్యతో. ఆవిడ సంచి సర్దుకుంటూ కూర్చుంది. నేను షెడ్డు వెనక తాడు చుట్టుకుంటూ విన్నాను."

అని, నన్ను వదిలేసి మళ్ళీ డాక్టరు మీదికి వెళ్ళింది. "అసలు ఆ పీపా అక్కడెందుకుందీ అని నా మూడో అబ్జెక్షన్!"

పీపా దగ్గర్నుంచి వాదన డాక్టరు కళ్ళజోడు మీదికి, అక్కడ్నుంచి ఆయన చదివిన కాలేజీ మీదికి వెళ్ళింది. ఈలోగా డ్రైవరు గారి పడవ గీత దాటింది. డాక్టరు విసుగ్గా బూర తీసి ఊదాడు. డ్రైవరు గారు తెడ్డంత నవ్వు నవ్వాడు. భార్య రేవు మీది గుంపు మొత్తానికి చెయ్యి ఊపింది.

"సరేలెండి, వదిలేద్దాం" అంది అత్త.

"వదిలేయడమేంటండీ?" అన్నాడు బేకరీ ఆయన. "తగిలిందని మీరే చెప్పారుగా. కప్పు నాది!"

అత్త పీపా వైపు చూసింది. జనం గుసగుసలాడారు. డాక్టరు తల గోక్కున్నాడు. "సాక్షులెవరైనా ఉన్నారా?"

అప్పుడే రేవెక్కిన డ్రైవరు గారు ఆయాసపడుతూ ముందుకొచ్చాడు. "నేనున్నానండీ. వీళ్ళ పడవ వెనకే ఉన్నాను. తగల్లేదు."

"వెనక అంటే, సరస్సుకి అవతలి పక్క కదండీ?"

"జీవితమంతా బస్సు నడిపినవాణ్ణి డాక్టరు గారూ. ఎంత దూరంలో ఉన్నా ఏ బండి దేన్ని రాసుకుందో నాకు తెలుస్తుంది."

"నేనూ చూశాను" అంది ఆయన భార్య. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను గానీ, స్పష్టంగా చూశాను."

డాక్టరు ఒకసారి వాళ్ళిద్దర్నీ, ఒకసారి మా అత్తనీ, ఒకసారి ఆఖరి పడవ కూడా దాటేశాక ఖాళీ అయిన ఆ గీతనీ చూశాడు. ఆయన ముఖంలో ఏదో మెల్లగా వెలిగింది. గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు. అభ్యంతరం కొట్టేశాను. కప్పు మేడమ్‌దే."

బేకరీ ఆయన ముందు గింజుకున్నాడు గానీ, తరవాత చప్పట్లు కూడా కొట్టాడు.

టీ దగ్గర డ్రైవరు గారు నన్ను పక్కకి పిలిచాడు. చుట్టూ చూసి, రహస్యంగా చెప్పాడు. "బాబూ, మీ అత్త మంచి మనిషే గానీ బొత్తిగా లౌక్యం తెలీదు. చేతికొచ్చిన కప్పు కాలదన్నుకోబోయింది. మేం సమయానికి రాబట్టి సరిపోయింది."

"నిజమేనండీ" అన్నాను.

"ఈ పడవ అమ్మేద్దామనుకున్నాం. ఇప్పుడెలా అమ్ముతాం చెప్పు? వచ్చే ఏడు ఆవిణ్ణి ఎవరు చూసుకుంటారు?" అని, చల్లారిన టీలో మెత్తబడ్డ బిస్కెట్టు ముంచుకున్నాడు.