మబ్బు కాదు, నీళ్ళే

పదీ పావు అయ్యేసరికి చెల్లెలు స్టవ్ కట్టేసి, తాడు కట్టిన చిన్న బకెట్టు పట్టుకుని రేవు మెట్ల వైపు నడిచేది. అన్నం ఉడికినా, ఉడక్కపోయినా సరే. ఇంటికి చుట్టాలొచ్చినా "కూర్చోండి, నీళ్ళు చూసొస్తా" అని వెళ్ళిపోయేది. "మా ఇంట్లో నీళ్ళ ఇన్‌స్పెక్టరు ఉంది" అని ఆవిడ భర్త వీధంతా చాటాడు. ఈ వేసవి మొదలయ్యాక మాత్రం ఆ వేళకి ఆవిడ కిటికీకి వీపు పెట్టి అంట్లు తోముకుంటోంది. అక్క పోయి నాలుగు నెలలైంది.

అక్కది పెద్ద ఉద్యోగమేం కాదు. చెల్లెలి ఊరిని ఆనుకుని, చుట్టూ నేలే ఉన్న ఆ సముద్రంలో పై నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో ఉపగ్రహం పంపే బొమ్మల్లో చూసి రాసే పని. మూడో అంతస్తులో గది, కిటికీ తీస్తే ఎదురుగా గోడ. ఇరవై రెండేళ్ళు సముద్రాన్ని ఆకాశం మీంచే చూసింది గానీ, ఒడ్డున కాళ్ళు తడుపుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అమ్మ పోయాక, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని చదువుతూ చెల్లెలికి జడలేసిన మనిషి. చెల్లెలు ఐదో తరగతితో బడి మానేసింది. ఆ మాట అక్క ఎన్నడూ ఎత్తలేదు.

ఆ బొమ్మల్లో వెచ్చని నీళ్ళు ఎర్రగా, చల్లనివి నీలంగా కనబడతాయట. మబ్బు నీళ్ళకన్నా చల్లన కాబట్టి, మరీ నీలంగా ఏదైనా మచ్చ ఉంటే కంప్యూటరు "ఇది మబ్బు" అని తీసిపారేస్తుంది. మండు వేసవిలో ఒడ్డు వెంబడి అలాంటి మచ్చలు వచ్చేవి. ఆఫీసులో అందరూ మబ్బే అనుకున్నారు. అక్క ఒక్కతే మూడు రోజుల బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"మబ్బయితే కదలాలి కదే. ఇది ఒడ్డుని పట్టుకుని వేలాడుతోంది," అంది ఫోన్లో. "నేల మీంచి గాలి కొడితే పైనున్న వెచ్చని నీళ్ళు లోపలికి పోతాయి. అడుగు నుంచి చల్లనివి పైకొస్తాయి. మీగడ ఊదితే కింది పాలు కనబడవూ? అలాగన్నమాట."

"అయితే నన్నేం చెయ్యమంటావ్?"

"పదిన్నరకి ఉపగ్రహం మీ నెత్తి మీంచి పోతుంది. అదే వేళకి నువ్వు నీళ్ళు ముంచి, ఎంత వేడో చెప్పు."

ఆఫీసు థర్మామీటరు ఒకటి పంపింది. మొదటి నెలంతా చెల్లెలు నీళ్ళు ఇంటికి తెచ్చి, పొయ్యి పక్కన పెట్టి, కళ్ళజోడు వెతుక్కుని, నిదానంగా చూసి, కాగితం మీద రాసుకుని చెప్పేది. సంగతి తెలిశాక అక్క పడీపడీ నవ్వింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నువ్వు కొలిచింది సముద్రాన్ని కాదే, నీ వంటింటిని!"

అలాగని ఆ నెల కాగితాలు చింపనివ్వలేదు. ప్రతి అంకె మీదా ఒక్క గీత కొట్టించి, పక్కన కారణం రాయించింది. "తప్పు కనబడుతూ ఉండాలి. చెరిపేస్తే రేపు ఒప్పుని కూడా ఎవరూ నమ్మరు."

తర్వాతి వేసవిలో ఓ రోజు ఒళ్ళంతా చెమటలు కారుతుంటే, ముంచిన నీళ్ళు పదకొండు డిగ్రీలు చూపించాయి. ముందురోజు ఇరవై నాలుగు.

"అక్కా, థర్మామీటరు పాడైంది."

"మళ్ళీ ముంచు."

మళ్ళీ పదకొండే. నమ్మలేక భర్త బకెట్లో కాలు పెట్టి కెవ్వుమన్నాడు. ఆ కేక ఫోన్లో అక్క దాకా వెళ్ళింది.

"మరిదిగారి కాలు కూడా రాసుకోవే, రెండో సాక్షి!"

ఆఫీసు పెద్దాయన ఒప్పుకోలేదు. "వంట చేసుకునే ఆవిడ కాకిలెక్కలు పట్టుకుని రికార్డు మార్చమంటారా?"

"ఏది వేడో ఏది చల్లనో వంట చేసేవాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు సార్," అందట అక్క.

చివరికాయన ఓ షరతు పెట్టాడు. ఆకాశంలోంచి మచ్చ, బకెట్లో చల్లని నీళ్ళు ఒకే రోజు కనబడాలి. అలా నలభై రోజులు చూపిస్తే మచ్చలన్నీ నీళ్ళుగా రికార్డుకెక్కుతాయి. లేదంటే ఎప్పటికీ మబ్బులే. అలాంటి రోజులు వేసవికి ఏడో ఎనిమిదో వస్తాయి. ఐదు వేసవులు అక్క పట్టిన పట్టు విడవలేదు. ముప్ఫై ఎనిమిదయ్యాయి. ఆ చలికాలంలోనే, ఆఫీసు మెట్లెక్కుతూ గుండె పట్టుకుని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు.

ఎండలు ముదిరాక పెద్దాయనే ఫోన్ చేశాడు. "రెండు రోజులే తక్కువమ్మా. ఈ వేసవితో ఫైలు మూసేయమంటున్నారు."

"చూస్తాలెండి" అని చెల్లెలు ఫోన్ పెట్టేసింది. ముంచడానికి ఎంతసేపు? కానీ ముంచాక "ఏమేవ్, ఎంతుంది?" అని అడిగే గొంతు లేదు. ఆ అంకె పట్టుకెళ్ళి ఎవరికి చెప్పాలి?

భర్త వారం రోజులు ఊరుకున్నాడు. ఓ పొద్దున దండెం మీద బట్టలన్నీ నీళ్ళవైపుకి ఎగురుతుంటే చూసి, మెల్లిగా అన్నాడు.

"గాలి నేల మీంచి కొడుతోంది. నువ్వెళ్ళకపోతే వదినగారి మాట అబద్ధంగానే మిగిలిపోతుంది."

"మా అక్కదా అబద్ధం?"

చేతులు కూడా తుడుచుకోకుండా లేచింది. ఆ రోజు పన్నెండు. మర్నాడు పదకొండున్నర. మెట్ల మీదే నిలబడి పెద్దాయనకి ఫోన్ చేసి రెండంకెలూ చెప్పింది.

"బొమ్మ నా ముందే ఉందమ్మా," అన్నాడు పెద్దాయన. "మచ్చ నిన్నటి చోటే ఉంది. మబ్బు కాదు, నీళ్ళే. ఆవిడ చెప్పినప్పుడే నేను వినాల్సింది."

"ఇప్పుడు విన్నారుగా," అంది చెల్లెలు.

నెలాఖరుకి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పాత బొమ్మలన్నీ తిరగేసి, ఇరవై రెండేళ్ళ మచ్చలన్నిటినీ నీళ్ళుగా ఎక్కించారట. కొలిచినవారు అన్న చోట అక్కాచెల్లెళ్ళిద్దరి పేర్లూ ఉన్నాయి. చెల్లెలు ఆ ఒక్క వరుసా కూడబలుక్కుని నాలుగుసార్లు చదువుకుంది. ఉత్తరంతోపాటు ఓ అట్టపెట్టె పంపారు. పని పూర్తయింది కాబట్టి థర్మామీటరు సర్ది తిప్పి పంపమన్నారు.

"సర్దావా? పోస్టాఫీసు మూసేస్తారు," అన్నాడు భర్త.

"మూసుకోనీండి."

"ఆఫీసు సొత్తే అది!"

"మళ్ళీ అడిగితే అప్పుడు చూద్దాం. నలభై ఒకటో రోజు రాదని ఎవరన్నారు?"

పెట్టె ఖాళీగా గుమ్మం పక్కనే ఉండిపోయింది. మర్నాడు పదీ పావుకి ఆవిడ బకెట్టుతో ఆ పెట్టె దాటుకుని రేవు మెట్లు దిగింది.