నీళ్ల డబ్బాలతో సముద్రానికి

సముద్రం చూడడానికి వెళుతూ ఇంటినుంచి రెండు డబ్బాల మంచినీళ్లు మోసుకెళ్లిన వాళ్లం బహుశా మేమే అయివుంటాం, నేనూ మా నాయనా. ఆ డబ్బాలు ఆయన పట్టుదల.

మూడు రోజుల ప్రయాణానికి నేను నెల రోజులు ప్లాను వేశాను. తిరుపతిలో టీచరమ్మను కదా, కాగితం మీద గళ్లు గీయకపోతే నాకు ఏ పనీ సాగదు. గూడూరు దాటి తూర్పుకి పోతే సముద్రం ఒడ్డున వరసగా జాలర్ల పాళేలు. మొదటి రోజు రెండు పాళేలు, రెండో రోజు ఇంకోటి, మూడో రోజు ఏ పనీ లేకుండా ఇసుకలో కూర్చోవడం. ఆ చివరి గడి నాయన కోసం. మిగతావన్నీ ఆయన్ని అక్కడిదాకా తీసుకుపోవడానికి సాకులు.

నాయన వడమాలపేట చుట్టుపక్కల బోరు పాయింట్లు చూసే మనిషి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేలో నడుస్తాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది. అలా ముప్పై ఏళ్లు చూశాడు. పోయిన ఎండాకాలం వరసగా మూడు చేలల్లో కాయ నిలబడింది గానీ, బోరు దించితే దుమ్మే లేచింది. మూడోది మా పక్కింటాయన చేను. వెయ్యి అడుగులు పోయినా చుక్క పడలేదు. ఆ మనిషి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచీ నాయనకు నిద్ర లేదు, నలుగురిలో కూర్చోడు, ఎవరు పిలిచినా పోడు. నాకు భయమేసింది.

"సముద్రం కాడికి పోదాం నాయనా" అన్నాను.

"ఆడ తాగేదానికి నీళ్లు యాడుంటాయిమా? అంతా ఉప్పే గదా!"

అలా డబ్బాలు కారెక్కాయి. నా జాబితాలో అవి లేవని కస్సుమన్నాను. వింటేగా!

మొదటి పాళెం చేరేసరికి పొద్దెక్కింది. సరుగుడు తోపు దాటగానే సముద్రం కనబడింది. నేను చెప్పులు విడిచి ఇసుకలోకి దిగాను. నాయన మాత్రం ఒక చూపు చూసి, "ఇన్ని నీళ్లుండి ఏం లాభం" అని తల తిప్పుకున్నాడు.

అప్పుడు ఆయన కళ్లు ఒకచోట ఆగాయి. తోపు అంచున, అలల హోరు వినబడే దూరంలోనే, ఒకామె టెంకాయ చిప్పతో ఇసుక తవ్వుతోంది. మోకాలి లోతు పోగానే అడుగున తడి, ఆ వెనకే నీళ్లు. కాసేపు తేరనిచ్చి, అదే చిప్పతో బిందెలోకి తోడుకుంటోంది.

నాయన పోయి ఒక చిప్పెడు అడిగి తాగాడు. చిప్ప నాకూ అందించాడు. తియ్యటి నీళ్లు! ఎదురుగా అంత ఉప్పు, కాళ్ల కింద ఇంత తీపి.

"ఈ పాయింటు ఎవురు సూసినారుమా?" అని ఆమెను అడిగాడు.

ఆమె నవ్వింది. "సూసేదేముండాది పెద్దాయనా? ఈడ యాడ తవ్వినా ఇయ్యే నీళ్లు."

నాయన నమ్మలేదు. పదడుగులు నడిచి, తనే మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తవ్వాడు. నీళ్లు. ఇంకోచోట తవ్వాడు. నీళ్లు. మూడో గుంట దగ్గర ఆగి, ఇసుక అంటిన చేతులు చూసుకుని పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు విని ఏడాదవుతోంది.

"ఈడ నాతో ఎవురికీ పని లేదుమా" అన్నాడు. ఆ మాట అంత సంతోషంగా అన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ గుంట పక్కనే, సరుగుడు నీడలో, తుండుగుడ్డ తలకింద పెట్టుకుని పడుకున్నాడు. కాసేపటికే గురక. నా కాగితం ప్రకారం మూడింటికి రెండో పాళేనికి బయలుదేరాలి. అయిదు దాటినా నేను ఆయన్ని లేపలేదు.