వేడి మీద బిగించిన బ్రేకులు

మే నెలలో ఒక పొద్దున ఆరున్నరకు మాచర్ల స్టేషన్లో దిగాం. మొత్తం పదకొండు మందిమి. బరువులు లాగే మిలిటరీ లారీ, దాని వెనక తగిలించే ట్రైలరు, ఒక జీపు అంతకు ముందురోజే గూడ్సులో వచ్చి ఉన్నాయి. కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజులవి. రైల్లో వచ్చిన బుల్డోజర్లను నది ఒడ్డుకు చేర్చడం మా పని. గడువు మూడు వారాలు. నేను లాన్స్ నాయక్‌ని, మెకానిక్‌ని.

మా ఊరు గురజాల పక్కనే. ఇల్లు చూసి మూడేళ్లయింది. స్టేషను బయట గురజాల బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఒక్క పూట సెలవిమ్మని సుబేదారును అడిగాను.

"పని అయ్యేదాకా ఎవరూ క్యాంపు దాటరు," అన్నాడాయన.

క్యాంపంటే రాళ్ల నేల మీద నాలుగు గుడారాలు, చుట్టూ ముళ్లతీగ. పొద్దున పదకొండు దాటితే ఎండకు కాలిన స్పానరు చేత్తో పట్టుకోలేం. తీగ అవతల మా భాష, మా మనుషులు. ఇవతల నేను. అస్సాంలో ఉన్నప్పుడు కూడా ఇల్లు అంత దూరం అనిపించలేదు.

నాలుగో ట్రిప్పు పదింటికి మొదలైంది. ట్రైలరు మీద ఒక బుల్డోజరు. సుబేదారు జీపులో ముందు వెళ్లిపోయాడు. నదివైపు దిగే మొదటి వాలులోనే డ్రైవరు బండి ఆపాడు. ఆయన తమిళుడు, హోదా నాయక్. నాకంటే పదేళ్లు పెద్ద.

"ట్రైలరు వెనక నుంచి నెడుతోంది తమ్ముడూ. దాని బ్రేకు చాలడం లేదు."

వైర్‌లెస్‌లో సుబేదారుకు చెప్పాం.

"బిగించి కదలండి. ఓవర్."

ట్రైలరు నాలుగు చక్రాల బ్రేకులూ బిగించాను. బ్రేకుల మీద ఉండే ఇనప డ్రమ్ములు అప్పటికే కాలిపోతున్నాయి. కాలిన డ్రమ్ము వేడికి సాగి ఉంటుంది. చల్లారాక బిగించాలి. అది నాకు తెలుసు. కానీ ట్రిప్పు తొందరగా ముగిస్తే సాయంత్రం మళ్లీ సెలవు అడగవచ్చనుకున్నాను. ఆ ఆశతోనే, గట్టిగా ఇంకో అర చుట్టు తిప్పాను.

మైలు దూరం పోయాక గుట్టను తొలిచి వేసిన దారి వచ్చింది. రెండు పక్కలా నిలువు బండ. పక్కకు తప్పుకోవడానికి చోటు లేదు. బిగిసిన బ్రేకులతో ట్రైలరును ఈడ్చి ఈడ్చి ఇంజను నీళ్లు మరిగాయి. సరిగ్గా ఆ ఇరుకులోనే ఆగాం. ముప్పావు గంట తర్వాత నీళ్లు పోసి బండి తీస్తే కదల్లేదు. లారీ మూలిగింది. ట్రైలరు చక్రాలు తిరగలేదు. వెనక ఒక బస్సు వచ్చి ఆగి హారను మోగిస్తోంది.

బ్రేకులకు గాలి పంపే గొట్టాలు చూశాను. ఎక్కడా లీకు లేదు. గాలి మీటరు సరిగానే ఉంది. డ్రైవరును బ్రేకు తొక్కి వదలమని, కింద పడుకుని చూశాను. బ్రేకును నెట్టే కడ్డీ బొటనవేలి వెడల్పు కూడా కదల్లేదు. అప్పుడు అర్థమైంది. డ్రమ్ములు చల్లారి ముడుచుకున్నాయి. లోపల నేను బిగించిన బ్రేకుల మీద బిగుసుకుపోయాయి. గాలిది కాదు తప్పు. నాది.

పైన బండలు కొట్టే ఒకాయన సుత్తి, ఉలి పట్టుకుని దిగివచ్చాడు. పేరు యేసోబు. యాభై ఏళ్లుంటాయి.

"ఏందబ్బాయ్, ఇరుక్కుందా?"

నా మాట విని నేను ఈ పక్కవాణ్ణేనని పోల్చుకున్నాడు. చక్రాల ముందు పెట్టడానికి నాపరాళ్లు మోసుకొచ్చాడు. నేను కిందికి దూరి బ్రేకులు వదులు చేయసాగాను. ఒకటి. రెండు. మూడు. ఇక మొత్తం బరువును నాలుగోదే పట్టుకుని ఉందన్న సంగతి ఆలోచించలేదు. దాన్ని తిప్పగానే రాళ్లు నలిగిన చప్పుడైంది. ట్రైలరు జానెడు ముందుకు జరిగి ఆగింది. నా ఎడమ బూటు టైరుకూ రాయికీ మధ్య చిక్కుకుంది.

"లారీ బ్రేకు మీద నుంచి కాలు తీయను తమ్ముడూ! తీస్తే పోతుంది!" డ్రైవరు అరిచాడు. బండి వెనక్కు తీద్దామన్నా ముందు కొంచెం జారుతుంది. నా పాదం నలగడానికి ఆ కొంచెం చాలు.

మొహానికి మూరెడు పైన ఇరుసు. దాని పైన బుల్డోజరు. ఊపిరి తీస్తే దుమ్ము.

యేసోబు నా పక్కన బోర్లా పడుకుని లోపలికి పాకాడు.

"కదలమాక. ఈ రాయికి పొరలుంటయ్. పొరపొరగా లేపుతా. చక్రానికి ఇంకో రాయి అడ్డం పెట్టే వచ్చా."

"నువ్వెందుకు బాబాయ్ లోపలికొచ్చావు? బండి జారితే?"

"జారితే ఇద్దరం పోతాం. నోరు మూసుకో. చానా మాట్లాడతన్నావ్."

ఉలి పెట్టి నెమ్మదిగా కొట్టాడు. ఒక పొర లేచింది. ఇంకొకటి. నలభై నిమిషాలు పట్టింది. బూటు వదులై కాలు బయటికి వచ్చింది. రెండు గోళ్లు ఊడాయి, అంతే. చల్లారిన డ్రమ్ములకు తగినట్టు బ్రేకులు సర్దాను. మూడూ నలభైకి నది చేరాం.

"వేడి మీద ఎవరు బిగించారు?" సుబేదారు అడిగాడు.

"నేనే సాబ్. తెలిసే బిగించాను."

ఏడు రోజుల అదనపు కాపలా వేశాడు. సెలవు మాట నేను మళ్లీ ఎత్తలేదు. మూడు వారాలు ముగిశాక అదే స్టేషన్లో రైలెక్కి యూనిట్‌కు వెళ్లిపోయాను. యేసోబును మళ్లీ చూడలేదు. తర్వాత రెండు యుద్ధాల్లో పనిచేశాను. మనవళ్లు వాటి గురించే అడుగుతారు.

నాకు గుర్తొచ్చేది మాత్రం ట్రైలరు కింద నుంచి బయటికి పాకి తలెత్తినప్పుడు కనిపించిన దృశ్యం. బస్సు జనమంతా దిగి, సామాన్లకు కట్టే మోకును ట్రైలరు వెనక కట్టి, వాలు పైకి లాగిపట్టి నిలబడి ఉన్నారు. పంతులొకాయన, మిరపకాయల బస్తా దించుకున్న రైతు, చంకలో బిడ్డతో ఒకమ్మ ఒంటి చేత్తో. ఆ బరువు జారితే ఆ మోకు దారంలా తెగేది. అది వాళ్లకూ తెలుసు. అయినా ఒక్కరూ వదల్లేదు.