బోనులో పలికిన పేరు

ఆళ్లగడ్డ బడిలో హాజరు పిలిచేటప్పుడు రెండో వరుసలోని ఒక పిల్లవాడిని మాత్రం నేను పేరుతో పిలిచేదాన్ని కాదు. వాడిది మా ఆయన పేరే. వాడి వైపు చూసి "నువ్వు" అనేదాన్ని. "ఉండా టీచరమ్మా" అనేవాడు. నేను రాసుకునే డైరీలో కూడా మా ఆయన "ఆయన"గానే ఉండేవారు.

పెళ్లయిన కొన్ని నెలలకే, మా బడిని నడిపే జిల్లా బోర్డు నన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. పెళ్లయిన ఆడది బడి మీద మనసు పెట్టలేదట. అదే వేసవిలో పెళ్లి చేసుకున్న లెక్కల పంతులును మాత్రం ఎవరూ కదిలించలేదు. ఆ మాట ఎవరి ఎదుటా అనే ధైర్యం నాకు లేదు. మా ఆయన నంద్యాలలో ఒక ప్లీడరు దగ్గరికి తీసుకుపోతే, బోర్డు మీద దావా వేశాను.

విచారణ రోజు బస్సులో అత్త నా పక్కన కూర్చుంది. కేసు వేయమని ఆమె అనలేదు, వద్దనీ అనలేదు. నేను గెలిస్తే ఇంటిపని మళ్లీ ఆమె మీదే పడుతుంది. నంద్యాలలో దిగి నేరుగా కోర్టుకు నడిచాం.

బోను ఎక్కగానే గుమాస్తా నా పేరు అడిగాడు. చెప్పాను. భర్త పేరు అడిగాడు. నాలుక కదల్లేదు. కోర్టు నిండా మగవాళ్లు.

బోర్డు తరఫు ప్లీడరు నవ్వాడు. "చూడండయ్యా, మొగుని పేరుకే నోరు తిరగని ఆమె పిల్లోళ్లకేం చదువు చెప్తాది?"

వెనక నుంచి అత్త లేచింది.

"ఓమ్మే! ఆ పేరు పెట్టింది నేను. నేను చెప్తాండా, పలుకు!"

బంట్రోతు కసిరాడు.

"నువ్వు గమ్మునుండప్పా. నా కోడలితో మాట్లాడుతాండా."

జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి తల వంచుకున్నారు.

పలికాను. బడిలో చివరి వరుసకు వినబడేలా పాఠం చెప్పే గొంతు అది. నాకున్న పెద్ద గొంతు అదొక్కటే. లెక్కల పంతులు సంగతి కూడా అదే గొంతుతో, ఎక్కడా ఆగకుండా చెప్పాను. బోర్డు ప్లీడరు మళ్లీ నవ్వలేదు.

నన్ను తీసేయడం చెల్లదని తీర్పు వచ్చింది. తిరిగి బడికి పోయే పొద్దున పొయ్యి దగ్గర అత్త నా చేతిలోని తెడ్డు లాక్కుంది.

"బేగా పో. ఈడ నేను చూసుకుంటా."

హాజరు పిలిచాను. రెండో వరుసకు వచ్చేసరికి ఆ పేరు పిలిచాను. వాడు ఇంకెవరినో అనుకుని అటూ ఇటూ చూశాడు.

మళ్లీ పిలిచాను, ఇంకాస్త గట్టిగా.