గలీబు తొడిగిన గ్యాసు బండ

పొదుపు గురించి చెప్పెటోళ్లను చూస్తె నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది. టీవీల ఒకామె ఇస్త్రీ చీర కట్టుకొని కూసుండి ఇంటి ఖర్చు ఎట్ల తగ్గించుకోవాలె, వంటింట్ల ఏమేం మిగిలించుకోవాలె అని నవ్వుకుంట చెప్తుంటది. నేను ఛానలు మారుస్త. నాకు ఆ విద్య ఎవ్వలు నేర్పే పని లేదు. ఆ విద్యల పండిపోయిన మనిషితోని నేను కాపురం చేసిన.

మా ఆయనది బొగ్గుబాయి నౌకరి. గోదావరిఖనిల మాకు కంపెనీ క్వార్టరు ఉండె. రెండు గదులు, ఒక వంటిల్లు, ముంగట నల్లా. క్వార్టర్లల్ల కరెంటుకు బిల్లు రాదు. ఈ ఒక్క ముచ్చట తెలిస్తె మా ఆయన తలకాయల ఏమున్నదో మొత్తం తెలిసినట్టె. బిల్లు రానిది ఎంత కాలినా అది ఖర్చు కాదు. పైస పెట్టి కొన్నదైతె అగ్గిపుల్ల అయినా ఖర్చె.

అందుకని మా ఇంట్ల ఎవ్వలు లేని గదిల ఫ్యాను తిరుగుతుండె. పట్టపగలు బల్బులు వెలుగుతుండె. హీటరైతె పొద్దంత ఎర్రగ కాలుతనె ఉండాలె. ఎందుకంటె దేవుని కాడ దీపం పెట్టాలన్నా, ఆయన బీడి ముట్టించాలన్నా, కాయితం ముక్క మడిచి హీటరుకు తాకిచ్చి మంట తెచ్చుకోవాలె. అగ్గిపెట్టె మాత్రం ముట్టొద్దు. అది బీరువాల, నా పెండ్లి చీర పక్కన ఉంటుండె. నవ్వుతున్నరా, నవ్వుండ్రి. నేను గూడ కొత్తల నవ్విన.

హీటరంటె తెలువనోళ్లకు చెప్తున్న. తెల్లటి మట్టి పల్లెం, దాని సందులల్ల చుట్టలు చుట్టిన తీగ. మేం దాన్ని స్ప్రింగు అంటం. స్ప్రింగు తెగితె అందరు కొత్తది తెచ్చుకుంటరు. మా ఆయన తేడు. తెగిన రెండు కొసలు మెలిపెట్టి ముడేస్తడు. ముడేసిన కొద్ది అది పొట్టిగైతది, పొట్టిగైన కొద్ది ఇంకింత ఎర్రగ కాలుతది. "చూసినవానె, కొత్తదాని కన్న జోరుగ కాలుతంది" అని మురుస్తడు. దానికి పిన్ను గూడ లేదు. వైరు కొసలు పండ్లతోని చెక్కి, బోర్డు తొర్రలల్ల దోపి, ఊసిపోకుండ పుల్లలు బిగించిండు. అవి గూడ బయట ఏరుకొచ్చిన, కాలిపోయిన అగ్గిపుల్లలె.

ఆ హీటరు మీద గిన్నె పెడితె గిన్నెకు కరెంటు వస్తది. గంటె పెడితె గంటెకు వస్తది. గిన్నె దించాలన్నా, కూర కలపాలన్నా ముందుగాల స్విచ్చి బందు చెయ్యాలె, తరువాత ముట్టాలె. మా క్వార్టర్ల లైన్ల పిల్లలకు అక్షరాలు రాకముందె ఈ ముచ్చట వస్తుండె. నేను కట్టె పీట మీద కూసొని వండుతుంటి. వానకాలమొస్తె గచ్చు చెమ్మెక్కుతది, గోడ గూడ జిల్లుమంటది. అన్నం ఉడికే లోపట ఎన్ని సార్లు ఆ స్విచ్చి ఒత్తుతుంటినో నా బొటనవేలికే ఎరుక.

గ్యాసు లేదా అంటె, ఎందుకు లేదు, ఉన్నది. నిండు బండ ఉన్నది, రెండు మంటల పొయ్యి ఉన్నది. బండను వంటింటి మూలకు కూసోబెట్టి, మెత్తకు తొడిగినట్టు దానికి గుడ్డ గలీబు తొడిగిచ్చిండు. ఆ గలీబు నేనె కుట్టిన, అంచుకు కుచ్చులు గూడ పెట్టిన. దసరకు దానికి పసుపు కుంకుమ పెడుతుంటిమి. అది సుట్టాలకని పెట్టిన బండ. సుట్టాలంటె ఆయన దిక్కు సుట్టాలె. బసంత్‌నగర్ నుంచి మా ఆడిబిడ్డ వచ్చిందంటె గలీబు ఊడుతది, గ్యాసు ముట్టుతది. ఆమె ముంగట చాయ పొంగుతుంటె ఈయన రెగ్యులేటరు కాడ్నె నిలబడుతడు. పొంగు వచ్చుడె ఆలస్యం, టక్కున తిప్పుతడు.

వానకాలం రెండు నెలలన్న గ్యాసు మీద వండుకుంట అని నేను అడగని ఏడు లేదు. "అది ఇంట్ల ఉంటె ఇజ్జత్. వాడుకుంటె ఏముంటది?" అంటడు. చౌరస్తల చాయ హోటలు ఉండె. డ్యూటీ దిగి అక్కడ కూసొని, మా ఇంట్ల బండ ఏడాది దాటినా ఒడువదని గొప్పలు చెప్పుకుంటుండె. తోటి కార్మికులు ఇంటికి పోయి పెండ్లాలను తిడుతుండ్రి, ఫలానా ఇంట్ల చూసి నేర్చుకొమ్మని. ఆ ఆడోళ్లు నల్లా కాడ నా దిక్కు ఎట్ల చూస్తుండ్రో చెప్తె ఒడువదు.

ఇట్లుండంగ మా అవ్వకు కంటి ఆపరేషన్ అయింది. అవ్వ అంటె నన్ను కన్నామె. పెద్దపల్లి దిక్కు పల్లెల మా తమ్ముని కాడ ఉంటుండె. ఒక కన్ను ఎన్నడో పోయింది, నాట్లేసేటప్పుడు ముల్లు గుచ్చుకొని. మిగిలిన ఒక్క కన్నుకు పొర వస్తె కరీంనగర్‌ల కోసిన్రు. నెల దినాలు పొగ తగలొద్దని డాక్టరు గట్టిగ చెప్పిండు. తమ్ముని ఇంట్ల కట్టెల పొయ్యి. ఒకటే అర్ర, దాంట్లనె వంట, దాంట్లనె పడక. ఆ పొగల ఆ కన్ను ఎట్ల నిలుస్తది? నా ఇంట్ల పొగ లేదు. ఆ నెల దినాలు అవ్వ నా కాడ ఉండాలె, ఆ కన్ను నిలవాలె. నాకు వేరే ఏ కోరిక లేకుండె.

మా ఆయన కాదనలేదు. ఎందుకు కాదంటడు, వచ్చిన మనిషికి ఫ్యాను గాలి, బల్బు వెలుతురు ఎంత పెట్టినా పైస పోదు గద. "తీసుకరా, మన ఇల్లు పొగ లేని ఇల్లు" అని ఛాతి ఇరుసుకున్నడు. అప్పుడు నేను మెల్లగ అడిగిన.

"అవ్వకు కండ్లు ఆనయి. హీటరు అలవాటు లేదు. ఈ ఒక్క నెల గ్యాసు మీద వండుకుంట."

ఆయన నా దిక్కు ఇచ్చంత్రంగ చూసిండు. "గ్యాసు సుట్టాలకు గదనె. మీ అవ్వ సుట్టమా? ఇంటి మనిషి" అన్నడు.

ఎంత మంచి మాట. పెండ్లయిన కాడి నుంచి మా అవ్వను ఆయన ఇంటి మనిషి అన్నది ఆ ఒక్కనాడె.

అవ్వ వచ్చింది. కంటికి నల్లద్దాలు, చేతిల సంచి, సంచిల నాకోసం ఇన్ని పచ్చి పల్లికాయలు. వచ్చిన నాడె చెప్పిన, "అవ్వా, వంటింట్లకు పోకు. ఏం కావాలన్నా నన్ను పిలువు." సరె బిడ్డా అన్నది. కని జీవితమంత కూలికి పోయిన మనిషి, ఎన్ని దినాలు మంచం మీద కూసుంటది? పల్లికాయలు ఒలిచింది, బియ్యం ఏరుత అంటె నేను వద్దన్న. పక్క క్వార్టరు తురకామె, మేం ఆపా అని పిలుస్తం, వచ్చి ముచ్చట పెడితె జెర పొద్దు పోతుండె. ఆపా వాళ్లాయన గూడ బాయి నౌకరే. వాళ్లింట్ల మాత్రం సక్కగ గ్యాసు మీదనె రొట్టెలు కాలుస్తుండె.

ఒకనాడు పొద్దుగాల ముసురు పట్టింది. ఆయన నైట్ షిఫ్టు దిగి ఇంకా ఇల్లు చేరలేదు. హీటరు మీద పాలు పెట్టి నేను నల్లా కాడికి పోయిన, నీళ్లు బందయ్యే వేళ దగ్గరికొచ్చిందని. అవ్వ మంచం మీదనె ఉన్నది. పాలు పొంగుతున్న వాసన ఆమెకు తెలిసింది. పాలు పొంగి పోతుంటె చూసుకుంట కూసునే ఆడిది ఏడన్న ఉంటదా? లేచి, గోడ పట్టుకొని, వంటింట్లకు పోయి, తడి గచ్చు మీద ఉత్త కాళ్లతోని నిలబడి, కొంగుతోని గిన్నె పట్టుకున్నది.

నాకు అవ్వ కేక ఇనపడలేదు. అసలు కేక పెట్టిందో లేదో. ఇనుము గచ్చు మీద దొర్లుతున్న చప్పుడు ఇనపడ్డది. డబడబ డబడబ అనుకుంట వంటింట్లకెల్లి ముంగటి అర్ర దాక వచ్చింది. బిందె ఇడిసిపెట్టి ఉరికిన. ముంగటి అర్ర గడప కాడ నా గలీబు బండ పండుకొని ఉన్నది, కుచ్చులు తడిసి. లోపట అవ్వ. షాకు కొట్టి ఎనుకకు ఇసిరితె పోయి బండ మీద పడ్డది. బండ దొర్లింది, అవ్వ కిందికి జారింది. చెయ్యి మీద పాలు ఒలికి బొబ్బలెక్కింది. నల్లద్దాలు ఊసిపోయినయి. పానం మాత్రం ఉన్నది. నా చేతిని గట్టిగ పట్టుకొని, "బిడ్డా, పాలు పోయినయే" అన్నది.

ఆపా ఉరికొచ్చింది. దారికి అడ్డమున్న బండను కాలితోని జరిపింది. అది అలుకగ ఇంకో చుట్టు తిరిగింది. ఆపా నా మొఖం చూసి "ఏ తో ఖాళీ హై" అన్నది. నిండు బండను ఒక మనిషి కాలితోని జరుపుడు కాని పని, ముసలామె తగిలితె అది దొర్లుడు అంతకన్న కాని పని. పోయినేడు మార్పిచ్చినంక ఆడిబిడ్డ రాలేదు, బండ ఇప్పలేదు; మూతికి ప్లాస్టిక్ టోపి ఎట్లున్నది అట్లనె ఉన్నది, సీలు దారం గూడ ఉన్నది. నేను పసుపు కుంకుమ పెట్టి మొక్కింది ఉత్త డబ్బకు.

ఆటోల దవాఖానకు పోయి కట్టు కట్టిచ్చుకొని వచ్చినంక ఆయన చాయ తాగి తీరిపారంగ వచ్చిండు. బండ ఏమైంది అని అడిగిన. సిగ్గు లేకుండ చెప్పిండు. పోయినేడు ఎండకాలం నేను తల్లిగారింటికి పోయినప్పుడు చౌరస్త చాయ హోటలాయనకు నిండు బండ ఇచ్చి, పైకం ఎక్కువ తీసుకొని, ఖాళీది తెచ్చి మూలకు పెట్టిండట. సీలు దారం మళ్ల తనె చుట్టిండట. "వాడనిది ఇంట్ల పడి ఉంటె ఏం ఫాయిద?" అన్నడు. అంటె ఏ హోటల్ల కూసొని మా బండ ఏడాదైనా ఒడువదని చెప్పుకుంటుండెనో, ఆ బండ మీద మరిగిన చాయనె తాగుకుంట చెప్పుకున్నడు.

అంతటితోని ఊకున్నా నేను ఊకుందు. అవ్వ దిక్కు చూసి తల ఊపుకుంట అన్నడు, "ఖాళీ ఉన్నదాన్కె అది దొర్లింది. నిండుగ ఉంటె మీ అవ్వ తలకాయ పలుగు. నేను అమ్ముడు మంచిదె అయింది."

నేను హీటరును వైరుతోని సహా గుంజి వాకిట్ల ఇసిరికొట్టిన. మట్టి పల్లెం రెండు ముక్కలయింది. లైన్ల అందరు చూసిన్రు, చూడనీ అనుకున్న. ఆయన ముక్కలు ఏరుకొచ్చిండు. ఇనుప తీగ చుట్టి రెంటినీ దగ్గరికి కట్టి, స్ప్రింగుకు ఇంకో ముడేసి, తీసుకపోయి మళ్ల అక్కడ్నె పెట్టిండు. రాత్రి అన్నం దాని మీదనె ఉడికింది.

తెల్లారి తమ్ముడు వచ్చిండు. నెల ఇంకా సగం గూడ కాలేదు, పోవద్దు అవ్వా అని కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. "మా ఇంట్ల పొగ కండ్లు మండిస్తది గని, మనిషిని ఇసిరికొట్టది బిడ్డా" అన్నది. పోయేటప్పుడు అల్లుని పేరు ఎవ్వల ముంగట తియ్యకుమని నాకే చెప్పి పోయింది. పొగలకు పోయింది. ఏడాది తిరగకముందె ఆ కన్ను నీరుకారి నీరుకారి మసకయింది. మనుషులను గొంతును బట్టి గుర్తుపట్టుడు మొదలుపెట్టింది. క్వార్టరుకు మళ్ల రాలేదు. నేను గూడ ఏ మొఖం పెట్టుకొని పిలుస్త?

తెలంగాణ వచ్చిన ఏడే మా ఆయన నౌకరిల నుంచి దిగిపోయిండు. ఊరంత మిఠాయిలు పంచుకున్నరు, రంగులు చల్లుకున్నరు. మాకు తెలంగాణతోని పాటు మీటరు గూడ వచ్చింది. క్వార్టరు ఖాళీ చేసి, శివారుకు కట్టుకున్న సొంతింటికి పోయినం. మొదటి బిల్లు చేతిల పట్టుకొని ఆయన ఎంతసేపు కూసున్నడో. ఆ తెల్లారి మీటరు ముంగట కుర్చీ ఏసుకున్నడు. బల్బు వేస్తె అరుపు, ఫ్యాను వేస్తె అరుపు. ఉక్కపోతకు పానం పోతున్నా సరే, అట్టముక్కతోని ఇసురుకోవాలె. హీటరును తనె మూటగట్టి సజ్జ మీద పడేసిండు. "ఇగ గ్యాసు మీదనె వండు. హీటరు పెడితె మీటరు గిర్రున తిరుగుతది" అన్నడు. నా బొటనవేలుతోని కానిది, మా అవ్వ చేతి బొబ్బలతోని కానిది, ఆమె కన్నుతోని కానిది, ఒక బిల్లు కాయితంతోని అయిపోయింది. గలీబు ఊడదీసి నేను దాన్ని మసిగుడ్డలు చేసుకున్న.

కొత్తింటికి మా తమ్ముడు అవ్వను చెయ్యి పట్టుకొని తోల్కొచ్చిండు. పొయ్యి పక్కన పీట ఏసి కూసోబెట్టిన. గ్యాసు మీద చాయ పెట్టిన. ముచ్చట చెప్పుకుంట చెప్పుకుంట నేను గిలాసలు కడుగుతున్న. చాయ పొంగు వాసన రాంగనె అవ్వ లేచింది, నా చేతిలకెల్లి మసిగుడ్డ తీసుకొని గిన్నె దిక్కు చెయ్యి చాపింది. చాపి, ఆగింది.

"బిడ్డా, స్విచ్చి బందు చేసినవా?"

"ఇది గ్యాసు అవ్వా. దీనికి స్విచ్చి లేదు. ముట్టు, ఏం కాదు."

ఆమెకు మంట ఆనదు. చెయ్యి అట్లనె గాలిల ఉన్నది. నేను మళ్ల చెప్పిన, చెయ్యి ముంగటికి పోలేదు. అంతల మీటరు కాడి నుంచి ఆయన అరిసిండు, "పట్టపగలు వంటింట్ల లైటు ఎందుకే?" నేను గోడకున్న బటను టక్కున ఒత్తిన.

అవ్వ ఆ చప్పుడు విన్నది. "ఆఁ, ఇగ సరె" అని గిన్నె దించింది.